తలుపు ఎవరో కొడుతున్నారు

శనివారం, మెంఫిస్, అమెరికా.

పొద్దున పదింటికి అమ్మ ఫోన్ చేసింది. తెనాలిలో అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. భజన నుంచి వచ్చి, భోజనం చేసి, వంటిల్లు సర్దేసుకున్నాక చేస్తుంది. "ఒక్క నిమిషం ఉండమ్మా, ఇప్పుడు చెయ్యి ఆపితే మళ్లీ కుదరదు" అని ఫోన్ని కిటికీ గట్టు మీద ఆనించి వాయించుకుంటూ పోయాను. కాసేపు ఓపిక పట్టింది. తర్వాత, "ఒరేయ్, తలుపు ఎవరో కొడుతున్నారు, ముందు వెళ్లి చూడు" అంది.

తలుపు ఎవరూ కొట్టడం లేదు. ఆ కొడుతున్నది నేనే.

ఈ అప్‌రైట్ బేస్ ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి తీగల వాద్యం. సెకండ్ హ్యాండ్‌ది, ప్లైవుడ్ ఒళ్లు, నాకంటే ఎత్తు. వీడియో కాల్‌లో చూసిన రోజు నుంచి అమ్మ దీన్ని "ఆ బీరువా" అనే అంటుంది. వేళ్లతో మామూలుగా మీటడం ఓ మోస్తరుగా వచ్చింది కదా అని రెండు నెలల క్రితం స్లాప్ మొదలుపెట్టాను. చూస్తే చాలా తేలిక. తీగని వేలికి తగిలించుకుని పక్కకి లాగి వదిలేస్తే, అది గుం అని మోగుతూ వెనక్కి వెళ్లి తీగల కిందుండే చెక్క ఫింగర్‌బోర్డు మీద టక్కున పడుతుంది. ఆ వెంటనే అదే చేత్తో తీగలన్నిటి మీదా చరచాలి. గుం, టప్. గుం, టప్. ఇది ఒంటి దెబ్బ. దీని తర్వాతది లాగుడికి రెండు చరుపులు: గుం-టప్-టప్, మూడూ సమానంగా. నేను రెండు వారాలుగా అక్కడే ఇరుక్కుపోయాను.

మొదటి నెలంతా బలం చాలక రావడం లేదనుకున్నాను. చూపుడు వేలి పక్కన బొబ్బ లేచింది, పగిలింది, దాని మీదే ఇంకోటి లేచింది. మాస్టారు (డెబ్బై దాటిన మనిషి, ఇక్కడి పద్ధతిలో పేరు పెట్టే పిలుస్తాను గానీ మనసులో మాత్రం మాస్టారే) నా స్టీలు తీగలు చూసి తల పట్టుకున్నాడు. పూర్వం ఈ పని గొర్రె పేగుతో చేసిన తీగల మీద చేసేవాళ్లు, అవి ఇంత బిగువుగా ఉండవు, వేలిని ఇలా కొయ్యవు అన్నాడు. నైలాన్‌వి వేయించాను. ఖరీదు అమ్మకి చెప్పలేదు. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని బోరింగు పంపు కొట్టినట్టు పైకీ కిందకీ ఆడించి, "ఇది ఎందుకింత బిగుసుకుపోయింది?" అని అడిగాడు. దానికి జవాబేముంటుంది!

ఈ చప్పుడు నేనేనని చెబితే అమ్మ నమ్మలేదు. "మరి పాటేది? టకటకా తప్ప ఇంకేం వినపడలేదే" అంది. అప్పుడు వెలిగింది. ఈ బేస్‌లో అన్నిటికంటే లావు తీగ పలికేది 41 హెర్ట్జ్. అంత కింది స్వరం ఫోన్ స్పీకర్‌లో ఎక్కడ పలుకుతుంది? నేను వంచిన నడుమంతా గుం కోసం, అమ్మకి చేరింది టప్ ఒక్కటే.

ఆ మాటకొస్తే పాత రికార్డుల కష్టమూ ఇదేగా. 1925లో మైకులతో రికార్డు చేయడం మొదలయ్యే దాకా అందరూ శబ్దాన్ని పట్టే ఒక బాకా ముందు నిలబడి వాయించేవాళ్లు. దానికి బేస్ సరిగ్గా అందేది కాదు, అందుకే చాలా రికార్డుల్లో దాని బదులు ట్యూబా అనే పెద్ద ఇత్తడి వాద్యం ఊదించేవాళ్లు. మైకులొచ్చాక ఈ చరుపులు రికార్డుల్లో హాయిగా వినపడ్డాయి. న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన జాజ్ బేసిస్టు పాప్స్ ఫాస్టర్ వాయించినవి వింటే చెయ్యి ఊరుకోదు. 1939లో ఇంకో బేసిస్టు మిల్ట్ హింటన్ క్యాబ్ క్యాలవే బ్యాండుతో చేసిన రికార్డు వింటే మాత్రం బేస్ అమ్మేద్దామనిపిస్తుంది.

మా ఊరి సంగతి చెప్పకపోతే బాగుండదు. ఇక్కడ 706 యూనియన్ అవెన్యూలో సన్ స్టూడియో ఉంది. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్లడం నా డ్యూటీ. 1954 జూలైలో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ విడుదల చేసిన మొదటి రికార్డు తయారైంది అక్కడే. రెండు గిటార్లు, ఒక బేస్, అంతే. డ్రమ్స్ లేవు. ఎన్నోసార్లు విన్నాను, వెనకాల ఎవరో డ్రమ్స్ వాయిస్తున్నారనే అనుకునేవాణ్ణి. ఆ టకటకలన్నీ బేస్ వాయించిన బిల్ బ్లాక్ చెయ్యేనని స్లాప్ మొదలుపెట్టాకే తెలిసింది. ఆయన బేస్ ఇప్పుడు బీటిల్స్ బ్యాండులో బేస్ వాయించిన పాల్ మెకార్ట్నీ దగ్గర ఉంది. మంచి చేతుల్లోనే పడిందిలే.

ఇదంతా అమ్మకి చెప్పబోతే సగంలో ఆపేసింది. "అదంతా సరే గానీ, రెండో దెబ్బ తొందరపడుతోంది. మీ నాన్న మెట్లు దిగినట్టుంది" అంది.

నాన్నకి మోకాలి నొప్పి. ఒక మెట్టు దిగాక రెండోది దబ్బున పడిపోతుంది.

అమ్మ ముప్పై ఏళ్లుగా రామాలయం భజనలో తాళాలు వేస్తోంది. ఆమె చెవిని కాదనలేను. వేగం లెక్క కట్టి టిక్కు టిక్కుమనే మెట్రోనోమ్‌ని 120 నుంచి 80కి దించి మళ్లీ వాయించాను. "తకిట, తకిట అనుకో. కి దగ్గర పారిపోతున్నావు" అంది. నిజమే. లాగి వదిలిన చెయ్యి గాల్లో ఆగకుండా భయంతో వెంటనే పడిపోతోంది. నాకు తెలియకపోవడానికి కారణం ఆ గుం. అది గదంతా మోగుతుంటే దాని చాటున అన్ని తప్పులూ సర్దుకుపోతాయి. అమ్మ ఫోన్‌లో అది లేదు కాబట్టి చాటు కూడా లేదు. పావుగంట తకిట అనిపించింది. చివర్లో ఓ నాలుగు వరసలు సరిగ్గా పడ్డాయనుకుంటాను, "ఊఁ" అంది. భజనలో కూడా ఆమె అంతకు మించి ఎవరినీ మెచ్చుకోదు. బొబ్బకి పసుపు పెట్టమని చెప్పి ఫోన్ పెట్టేసింది. పసుపు పెడితే పైన టేపు అతుక్కోదు. పెట్టలేదు.

మధ్యాహ్నం బట్టలు ఉతకడానికి కిందకి వెళితే, మా కింద వాటాలో ఉండే పెద్దాయన కనిపించాడు. మీ ఫ్రిజ్ బాగానే ఉందా అని అడిగాడు. పొద్దున్నుంచి పైన ఏదో గుం, గుం అని మూలుగుతోందట. టకటకలేమైనా వినపడ్డాయా అని అడిగాను. లేదు, గుం ఒక్కటే అన్నాడు.

బేస్ కింద కొన ఇనప పుల్ల కదా, నేరుగా నేల మీద గుచ్చి పెడుతున్నాను. రేపు దాని కిందకి మందపాటి రబ్బరు ముక్క ఏదైనా వెతకాలి.