ఆల్బమ్ అట్ట మీది నీటి మర

లండన్‌లో గడిపిన రోజుల గురించి రాయవలసింది పెద్దగా లేదు. సోహోలోని బెర్విక్ వీధిలో రికార్డుల దుకాణాలు తిరిగాను. ఒకచోట ఇంగ్లండ్ రాక్ బృందం బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్ మొదటి ముద్రణ, వర్టిగో సంస్థ వీఓ 6 నంబరుతో తెచ్చినది, గాజు బీరువాలో కనిపించింది. ధర వందల పౌండ్లలో చెప్పారు. అంచులు నలిగి, మడత దగ్గర చిరిగిన ప్రతికి అంత అడగడం అన్యాయం. అయినా చేతికిచ్చి చూడనిచ్చారు. మొదటి వైపు లేబుల్ మీద పాటల పేర్లు ఉండవు. నలుపు తెలుపు వలయాల సుడి మాత్రమే ఉంటుంది. రెండు వైపుల వివరాలూ రెండో వైపునే ముద్రించారు. రికార్డు తిరుగుతున్నప్పుడు ఆ సుడి చూపును లోపలికి లాగుతుంది.

ఆ అట్ట మీద, పాత నీటి మర ముందు నల్లని దుస్తుల్లో ఒక స్త్రీ నిలబడి ఉంటుంది. ఆ మర ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, థేమ్స్ ఒడ్డున, మేపుల్‌డరమ్ అనే చిన్న ఊళ్లో ఉంది. ప్యాడింగ్టన్ నుంచి రెడింగ్ దాకా రైలు బాగానే నడిచింది, టికెట్టు మాత్రం ఆ దూరానికి చాలా ఎక్కువ. పటంలో చూస్తే తరువాతి స్టేషన్ టైల్‌హర్స్ట్ నుంచి మర ఎంతో దూరం లేదు. అయితే స్టేషను నదికి దక్షిణాన, ఊరు ఉత్తరాన ఉన్నాయి. మధ్యలో వంతెన లేదు. కాబట్టి రెడింగ్‌లోనే దిగి, కావర్‌షమ్ వంతెన దాటి, ఒడ్డు వెంబడి పడమరగా నడవాలి. టాక్సీవాళ్లు అడిగిన మొత్తం విన్నాక నడకే మేలనిపించింది.

ఇళ్ల వరుసలు అయిపోయి గుర్రపు బాట మొదలైన దగ్గర నుంచి నాకు చికాకు పెరగసాగింది. ఎండ కాస్తోంది. పొలాలు పచ్చగా ఉన్నాయి, ఎక్కడో గొర్రెలు అరుస్తున్నాయి. చిన్నప్పుడు క్యాసెట్‌లో ఆ ఆల్బమ్ ఆరంభంలోని వానను, ఉరుమును, గంటను విన్నప్పటి నుంచి నా మనసులో కట్టుకున్న చోటు ఇది కాదు. మర కనబడగానే ఆ చికాకు మరీ ఎక్కువైంది. ఎర్ర పెంకుల కప్పు, చెక్క గోడలు, ముందు నిండుగా నీళ్లు, ఒడ్డున పిల్లలతో కూర్చున్న కుటుంబాలు. భయపడడానికి అక్కడ ఏమీ లేదు.

ఆ ఛాయాచిత్రం తీసిన కీత్ మెక్‌మిలన్ చల్లని వేకువ వేళను ఎంచుకున్నాడు, పొగ రప్పించాడు, ఇన్‌ఫ్రారెడ్ రంగు ఫిల్ము వాడాడు. ఆకులు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా ప్రతిఫలిస్తాయి. ఆ ఫిల్ము దాన్ని ఎరుపుగా నమోదు చేస్తుంది. అట్ట మీద చెట్లు రోగం తగిలినట్టు గులాబీ రంగులో కనిపించేది అందుకే. ఎదురుగా ఉన్నవి అవే గోడలు, అవే నీళ్లు. చీకటి అంతా వాటిని చూసిన తీరులోంచి వచ్చింది.

సంగీతంలోనూ జరిగింది ఇదేనని ఆ ఒడ్డునే నాకు స్పష్టమైంది. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు విడుదలైన ఆ ఆల్బమ్‌లో మొదటి పాటను నడిపేవి మూడు స్వరాలే: షడ్జమం (స), తారస్థాయి షడ్జమం (పై స), అక్కడి నుంచి ప్రతి మధ్యమానికి (హెచ్చు మ) దిగడం. స, ఈ మ మధ్య ఎడాన్ని దయ్యపు స్వరాంతరమని చాలామంది రాస్తారు. కానీ కల్యాణి రాగంలో ఉండేది కూడా ఆ ప్రతి మధ్యమమే. అక్కడ అది మంగళకరంగా వినిపిస్తుంది, ఎందుకంటే పంచమం (ప) పక్కనే ఉండి దానికి దారి చూపుతుంది. సబాత్ గిటారిస్టు టోనీ అయోమి పంచమాన్ని దగ్గరకు రానివ్వడు. స్వరాన్ని ప్రతి మధ్యమం మీదే వణికిస్తూ వదిలేసి, ఖాళీ ఉంచి, మళ్లీ మొదటికి వస్తాడు. ఆ ఆల్బమ్ వాద్యాలన్నీ ఒక్క రోజులో రికార్డు చేశారని తెలిసిందే. ఆ తొందర వల్ల స్వరాల మధ్య గాలి మిగిలిపోయింది. అట్ట లోపల తలకిందులు సిలువ ముద్రించిన సంగతి బృందానికి ముందుగా తెలియదు. దాని అవసరమూ ఆ సంగీతానికి లేదని నా అభిప్రాయం.

మర లోపలికి రుసుము తీసుకుంటారు. అది పూర్తిగా న్యాయమైన రుసుము. అందులోని పాత భాగం 15వ శతాబ్దం నాటిది, ఇప్పటికీ గోధుమలు విసురుతున్నారు. ఒక పెద్దాయన రాళ్ల దగ్గర నిలబడి పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూస్తున్నారు. నేల పలకలు కాళ్ల కింద సన్నగా అదురుతున్నాయి. ఆల్బమ్ కోసం వచ్చానని చెబితే, అలాంటివారు చాలామంది వస్తారని, ఆ సంగీతం తనకు పట్టదని మర్యాదగా చెప్పి, పిండి సంగతి ఎత్తుకున్నారు. గింజ అయిపోయి రాళ్లు ఖాళీగా తిరిగితే ఒకదానికొకటి రాసుకుని నిప్పురవ్వలు లేస్తాయట. పిండి ధూళి నిండిన చెక్క కట్టడంలో అంతకు మించిన ప్రమాదం లేదు. అందుకే పూర్వం ఇలాంటి మరల్లో తొట్టిలో గింజ తగ్గగానే మోగేలా గంట కట్టేవారట. ఆల్బమ్ ఆరంభంలోని గంట చర్చి గంట అని నాకు తెలుసు, అయినా ఆయన మాట విన్నాక దాన్ని హెచ్చరికగా తప్ప వినలేకపోతున్నాను.

తిరుగు నడకలోనూ రైలులోనూ, చీకటి పేరున నేను దాచుకున్న ఆల్బమ్‌లను ఇదే కొలతతో మళ్లీ తూచాను. వాన్ డర్ గ్రాఫ్ జెనరేటర్ అనే బృందం 1971లో తెచ్చిన ‘పాన్ హార్ట్స్’ రెండో వైపు మొత్తం, దీపస్తంభం కాపలాదారు ఒంటరితనం మీద సాగే 23 నిమిషాల ఒకే రచన. ఆర్గన్, శాక్సఫోన్, పీటర్ హామిల్ గొంతు కలిసి గిటారు భారాన్ని మించిన భారం మోస్తాయి. కానీ చివర్లో అది విశాలంగా తెరుచుకుని వెలుగులోకి వచ్చేస్తుంది, అందుకే పూర్తి చీకటి అనలేను. కింగ్ క్రిమ్సన్ బృందం 1974 ఆల్బమ్ ‘రెడ్’ చివరి రచన మధ్యలో, 13 మాత్రల బేస్ నడక మీద గిటారు ఒకే స్వరాన్ని మీటుతూ, నిమిషాల తరబడి మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది. అంత ఓపికను రాక్‌లో నేను మరెక్కడా వినలేదు. బెల్జియం బృందం యూనివర్ జీరో 1979లో తెచ్చిన ‘హెరెసీ’లో బసూన్, వయొలిన్, హార్మోనియం ముందుంటాయి, మొదటి వైపున ఉన్న 25 నిమిషాల రచన వినేవారికి ఎక్కడా ఆసరా ఇవ్వదు. కేవలం చీకటినే లెక్కిస్తే దానికే మొదటి స్థానం.

సబాత్ రెండో ఆల్బమ్ ‘పారనాయిడ్’ అదే 1970లో సెప్టెంబరులో వచ్చింది. పాటలుగా అవి మెరుగని అందరూ అంటారు, నేనూ కాదనను. అయితే అందులో వాద్యాలు దగ్గర దగ్గరగా సర్దుకుని, ఆ ఖాళీ మూసుకుపోయింది. అందుకే ప్యాడింగ్టన్ చేరే లోపు నేను రెండుసార్లు విన్నది మొదటి ఆల్బమ్‌నే.