దగ్గు ముందు తగ్గింది

మాది లూథరన్ సంఘానికి చెందిన క్రైస్తవ కుటుంబం. 1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ దొర మిషనులో మా పెద్దలు బాప్తిస్మం తీసుకున్నారని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. బళ్ళో నేను లెక్కల టీచర్ని, ఆదివారం సండే స్కూల్ టీచర్ని. యోహాను సువార్త మూడో అధ్యాయం పిల్లలచేత కంఠతా పట్టించి, తప్పుల్లేకుండా అప్పజెప్పినవాళ్ళకి పెన్సిళ్ళు ఇచ్చేదాన్ని. అందుకే మా వీధిలో కొత్తగా వెలసిన ప్రార్థన మందిరం వాళ్ళు "రక్షణ పొందారా అక్కా?" అని అడిగితే ఒళ్ళు మండేది. తరతరాల క్రైస్తవురాలిని పట్టుకుని ఏమడుగుతున్నారు వీళ్ళు!

జబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. దగ్గు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం. జాకెట్లు వదులైపోవడం. వీధి చివర ఆర్‌ఎంపీ సీసాల కొద్దీ దగ్గుమందు తాగించాడు. సుద్దముక్కల పొడి పడట్లేదేమో అనుకున్నాం. చివరికి గవర్నమెంటు ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. మొదటి 2 నెలలు నాలుగు మందులు కలిపిన బిళ్ళలు, తర్వాత 4 నెలలు మూడు మందులవి. రోజుకెన్ని అన్నది మన బరువును బట్టి. అన్నీ ఉచితమే. పైగా తిండి ఖర్చుకని బ్యాంకులో డబ్బు వేస్తారు. 2018లో నెలకి 500తో మొదలుపెట్టారు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. "మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడకండి మేడం, అది రిఫాంపిసిన్ అనే మందు రంగు" అని మా ఆశా అమ్మాయి ముందే చెప్పింది. ఆ పిల్ల చెప్పకపోతే మొదటిరోజే గుండాగిపోయేది నాకు.

ఇంట్లో మాత్రం నాతో ఎవరూ ఏమీ చెప్పలేదు. మర్నాడు అన్నానికి కూర్చుంటే నా స్టీలు కంచం లేదు. అంచు సొట్టపడిన పాత సత్తు కంచం ఉంది, ఎప్పుడో కుక్కకి పెట్టేవాళ్ళం దాంట్లో. గ్లాసు మీద నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క. వంటింట్లోంచే మా అత్తయ్య, "నీవి నువ్వే కడుక్కోమ్మా, పిల్లలున్న ఇల్లు" అన్నారు. టీబీ కంచాల వల్ల రాదు. దగ్గితే, తుమ్మితే గాల్లో కలిసే తుంపర్ల వల్ల వస్తుంది. మందులు సరిగ్గా పనిచేస్తే మొదటి కొన్ని వారాల్లోనే అంటించే గుణం చాలావరకు పోతుంది. ఆ కొన్నాళ్ళు మాస్కు కట్టుకోవాలి, కిటికీలు తీసి ఉంచాలి. డాక్టరుగారు ఇదంతా మా ఆయనకి ఓపిగ్గా చెప్పారు. ఆయన తలూపి వచ్చారు. వాళ్ళమ్మతో ఒక్క మాట అనలేదు.

ఇక ఆ రాత్రి. మందులు మొదలుపెట్టి ఎక్కువ రోజులు కాలేదు. వాన పడి కరెంటు పోయింది. గొంతులో గరగరమని లేచాను. వాష్‌బేసిన్ దగ్గర దగ్గితే నోరంతా వెచ్చగా, తుప్పు రుచి. ఫోను లైటు వేసి చూశాను. నురగతో కలిసిన ఎర్రటి రక్తం, కిందికి దిగకుండా జాలీ మీదే నిలబడింది. మళ్ళీ దగ్గు, మళ్ళీ రక్తం. మా ఆయన ఆటో కోసం పరిగెత్తారు. అత్తయ్య పిల్లలిద్దర్నీ లాక్కుని గదిలోకి వెళ్ళారు. లోపల్నుంచి గడియ పడింది.

అప్పుడు ఫోను మోగింది. మా ఆయనే కంగారులో ప్రార్థన చెయ్యమని అడిగినట్టున్నారు. ఆ మందిరంలో అందరూ అక్కా అని పిలిచే ఆవిడ. "ఒప్పుకోని పాపం ఏదో ఉంది చెల్లీ నీలో. ఈ రాత్రే ఒప్పుకో. ఆ బిళ్ళలు అవతల పారెయ్, అవి అవిశ్వాసం. రక్తం దానంతటదే ఆగుతుంది" అంది. నోట్లో రక్తం పెట్టుకుని ఏం జవాబు చెబుతాను? ఆటోలో గుంటూరు దాకా నేను చేసిన పాపాలు వెతుక్కుంటూ కూర్చున్నాను. ఆ ప్రయాణానికి ఆవిడ మీద కోపం నాకిప్పటికీ తగ్గలేదు. చావు భయం ఒక్కటి చాలదా మనిషికి?

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా ఇదే కదా, ఎవరు పాపం చేశారు, వీడా, వీణ్ణి కన్నవాళ్ళా అని. ఇద్దరూ కాదన్నాడు యేసు. యోహాను తొమ్మిదో అధ్యాయం. ఆవిడ రోజూ చేత్తో పట్టుకుని తిరిగే పుస్తకంలోనే ఉంది.

ఆసుపత్రిలో ఇంజక్షన్లు చేశారు, సెలైన్ పెట్టారు, కుడిపక్కకి తిరిగి పడుకోమన్నారు. పక్క మంచం మీద పిల్లకి తోడుగా ఒక ముస్లిం పెద్దావిడ ఉంది. నేను దగ్గినప్పుడల్లా లేచి వచ్చి కిడ్నీ ట్రే పట్టుకుంది, తన కొంగుతో మూతి తుడిచింది. మాస్కు కట్టుకోండమ్మా అని నర్సు కేకలేస్తే, కట్టుకుని మళ్ళీ వచ్చింది. "ఏం కాదు బేటీ, పడుకో" అంటూ వీపు నిమురుతూనే ఉంది. ఇంట్లో గడియ పెట్టుకున్న రాత్రి ముక్కూ మొహం తెలియని మనిషి నా రక్తం తుడిచింది. తెల్లారాక వాళ్ళని వేరే వార్డుకి మార్చారు. పేరు కూడా అడగలేదు.

మధ్యలో ఎప్పుడో ఊపిరి లెక్కపెట్టుకుంటుంటే యోహాను మూడో అధ్యాయంలోని నీకొదేము గుర్తొచ్చాడు. అతనూ బోధకుడే, అతనూ రాత్రిపూటే యేసు దగ్గరికి వచ్చాడు. పిల్లలచేత నేను మూడో వచనం, పదహారో వచనం వల్లె వేయించేదాన్ని. ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఎనిమిదోది. "గాలి తన కిష్టమైన చోటను విసరును." సగం ఊపిరితిత్తులతో పడుకున్నదానికి ఆ మాట ఎలా తగులుతుందో ఏ బోధకుడూ చెప్పలేడు. వెలుగేమీ కనబడలేదు, స్వరమేదీ వినబడలేదు. మాకు ప్రార్థనంటే "మహోన్నతుడవైన" అంటూ మొదలయ్యే గ్రాంథికం. ఆ రాత్రి అవేవీ రాలేదు. "భయమేస్తోంది నాన్నా" అన్నాను. చిన్నప్పట్నుంచి చేసినవన్నీ పక్కనపెడితే నా మొదటి ప్రార్థన అదే అనిపిస్తుంది. భయం పోలేదు. కానీ ఒక్కదాన్నే ఉన్నాననే బెంగ పోయింది. నిద్ర పట్టింది.

రక్తం ఆగింది. ఆ తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి, వాంతులు. లివర్‌కి దెబ్బ తగిలిందని డాక్టరే బిళ్ళలు ఆపించి, రక్తపరీక్షలు చూసుకుంటూ ఒక్కొక్క మందే మళ్ళీ మొదలుపెట్టారు. మందులు వాడుతూ కళ్ళు పచ్చగా కనిపించినా, ఒకటే వాంతులవుతున్నా ఆరోజే ఆసుపత్రికి వెళ్ళండి. మీ అంతట మీరు మానేసి ఇంట్లో కూర్చోకండి. దగ్గు తగ్గిపోయిందని కూడా మానకండి. దగ్గు ముందు తగ్గుతుంది, లోపలి క్రిమి ఉండిపోతుంది, తిరగబెడితే మందులకి లొంగకపోవచ్చు.

నా మారుమనస్సూ, అంటే మనసు దేవుడి వైపు తిరగడమూ, అలాగే రోజూ కొంచెం కొంచెంగా సాగింది. ఆ ఒక్క రాత్రితో అంతా అయిపోలేదు. నీకొదేమునే చూడండి. ఆ రాత్రి అతను మారిపోయాడని యోహాను ఎక్కడా రాయలేదు. ఏడో అధ్యాయంలో పరిసయ్యులనే తోటి మతపెద్దల మధ్య యేసు తరఫున ఒక్క మాట భయం భయంగా అంటాడు. యేసు సిలువ మీద చనిపోయాక, శిష్యులే చాలామంది చెదిరిపోయిన వేళ, పంతొమ్మిదో అధ్యాయంలో శవానికి పూసే బోళం, అగరు మోసుకుంటూ అందరికీ కనబడేలా వస్తాడు. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకంలో, మనలోని పాత ఆదాము, అంటే పాత పాప స్వభావం, ప్రతిరోజూ మునిగి చావాలి, కొత్త మనిషి ప్రతిరోజూ లేవాలి అని ఉంది. చిన్నప్పుడు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. పొద్దున్నే పరగడుపున బిళ్ళలు మింగుతూ ఉంటేగానీ ఆ "ప్రతిరోజూ" బుర్రకెక్కలేదు.

అత్తయ్యకి కంటి ఆపరేషన్ అయితే చుక్కలు నేనే వేశాను. వేస్తున్నన్నాళ్ళూ లోపల ఉడుకుతూనే ఉంది, వేశాను. ఒకరోజు ఆ సత్తు కంచం పాత సామాన్లవాడికి ఇచ్చేశారావిడ. సారీ అనలేదు, నేనూ అడగలేదు. పాతవి గతించెను అని పౌలు రాశాడు. కంచం గతించింది. గడియ ఇంకా గతించలేదు, ప్రార్థన చేస్తున్నాను.

చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రార్థన చేస్తే మర్నాటికి లేచి కూర్చున్నాను అనే వరసకి అలవాటుపడిన వాళ్ళు. నేను దేవునికి స్తోత్రం చెప్పి, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అని నాలుగు పేర్లూ చదివాను. చర్చంతా నిశ్శబ్దం. వెనక బల్ల మీద రిటైరైన కాంపౌండరు తాతగారు ఒక్కరే గట్టిగా "ఆమేన్" అన్నారు. హిజ్కియా రాజుకి కూడా దేవుడు పదిహేనేళ్ళ ఆయుష్షు ఇచ్చాడు, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా ప్రవక్త చెప్పాడు. మనకి బైబిలు తెచ్చిన మిషనులోంచే 1883లో డాక్టర్ కుగ్లరమ్మ గుంటూరు వచ్చి ఆడవాళ్ళకి వైద్యం మొదలుపెట్టింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో చాలా మిషన్లు కలిసి కట్టింది ప్రత్యేకంగా టీబీ ఆసుపత్రే. వాళ్ళందరిదీ అవిశ్వాసమేనా?

ఇప్పుడు ఆశా అమ్మాయితో కలిసి కొత్తగా టీబీ వచ్చినవాళ్ళ ఇళ్ళకి వెళ్తున్నాను. వాళ్ళింట్లో టీ ఇస్తే తాగుతాను. ఈమధ్య మా వీధి టైలరుగారబ్బాయికి వచ్చింది. వాళ్ళు ఆ మందిరానికే వెళ్తారని తెలిసి నేనే ఆవిడ దగ్గరికెళ్ళాను.

"అక్కా, ప్రార్థన మీరు చెయ్యండి, నేనూ చేస్తాను. బిళ్ళలు మాత్రం వాడు రోజూ నా ముందే మింగుతాడు. మానెయ్యమని మీరు ఒక్కసారి అన్నారని తెలిసినా ఆదివారం మీ మందిరానికొచ్చి అందరి ముందూ అడుగుతాను."

"నీకు రక్షణ వచ్చిందో లేదో గానీ చెల్లీ, నోరు మాత్రం బాగా పెరిగింది" అంది.

కాదనలేదు నేను. అబ్బాయికి ఇప్పుడు నాలుగో నెల. దగ్గు తగ్గిపోయింది, ఇంక ఈ బిళ్ళలెందుకాంటీ అని రోజూ గొడవ.