వెలుతురు దూరని జాయింటు

పూర్వ విద్యార్థుల సంచిక అనగానే ఎవరు రైల్వేలో చేరారు, ఎవరు గల్ఫ్‌లో ఫోర్‌మన్ అయ్యారు, ఎవరు సొంత షెడ్డు పెట్టారు అన్న లెక్కలు వస్తాయి. రావాలి కూడా. కానీ మనం ఐటీఐ ఫిట్టర్ షాపులో చదివిన వాళ్లం. సాధించినదాన్ని ఉద్యోగంతో కాక కొలతతో చెప్పుకుంటేనే మనకు నప్పుతుందని నా ఉద్దేశం. ముఖ్యంగా ఏళ్ల తరబడి షెడ్లలో పనిచేసి, పెళ్లీ పిల్లలూ అయ్యాక బెంచీ ముందు నిలబడి మొదట్నుంచీ నేర్చుకున్న వాళ్ల సంగతి అలాగే చెప్పాలి.

వాళ్లకు వేదికలు తక్కువ. చేతివృత్తుల అంతర్జాతీయ పోటీలైన వరల్డ్‌స్కిల్స్‌కు మన దేశం 2007లో జపాన్‌లోని షిజువోకాతో మొదలుపెట్టి వెళ్తోంది. అక్కడ చాలా ట్రేడ్లకు వయసు హద్దు 22, కొన్నిటికి 25. ముప్పై దాటినవాడి చేతిపని ఎంత బాగున్నా ఆ గుమ్మం తొక్కలేడు. ఐటీఐ చదువులు నడిచే క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీము 1950లో మొదలైతే, దేశంలో ఐటీఐలకు తొలి స్నాతకోత్సవం జరిగింది 2022 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి రోజు. 72 ఏళ్లు పట్టిందన్నమాట!

ఇక షాపులోకి వద్దాం. అందరికీ మొదటి పని ఆకురాయితోనే. 10 మి.మీ. మందం మైల్డ్ స్టీల్ ముక్కను 75 మి.మీ. చదరంగా, అన్ని వైపులా మూలమట్టానికి నిలబడేలా రాయాలి. చూడ్డానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది. పది నిమిషాల్లో తెలిసిపోతుంది కాదని. ముక్క అంచులు జారిపోయి నడుమ ఉబ్బుతుంది. కారణం బలం తక్కువై కాదు, బలం చేతులు మారకపోవడం. ఆకురాయి ముందుకు కదలడం మొదలుపెట్టినప్పుడు బరువు ఎడమచేతి మీద ఎక్కువ ఉండాలి, మధ్యకొచ్చేసరికి రెండు చేతులకూ సమానం కావాలి, చివరికి కుడిచేతి మీదికి రావాలి. ఆ మార్పు జరక్కపోతే ఆకురాయి ఉయ్యాలలా ఊగుతుంది. ముక్కను బిగించే వైస్ దవడలు మోచేతి ఎత్తుకు లేకపోయినా ఇదే తంతు. పొట్టివాడికి కాళ్ల కింద చెక్క పలక వేయించే ఇన్‌స్ట్రక్టరు ఆ ఒక్క పనితోనే సగం పాఠం చెప్పినట్టు.

ఒక దిశలో కాసేపు, దానికి అడ్డంగా ఇంకాసేపు రాస్తే పాత గీతలు ఎక్కడ చెరగలేదో అక్కడ పల్లం ఉన్నట్టు. మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూస్తే వెలుతురు ఎక్కడ దూరుతుందో కనిపిస్తుంది. ఆకురాయి పళ్లలో లోహపు రజను ఇరుక్కుంటే ముక్క మీద లోతైన గీతలు పడతాయి. అందుకే వైర్ బ్రష్షుతో పళ్లవెంట దులిపి, నున్నటి పని మొదలుపెట్టేముందు పళ్లకు సుద్ద రుద్దుతారు. సుద్ద ఉంటే రజను అతుక్కోదు.

పదో తరగతి కాగానే వచ్చిన పిల్లవాడికీ, షెడ్డు నుంచి వచ్చినవాడికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. పిల్లవాడికి దమ్ము చాలదు, కానీ చెప్పినట్టు చేస్తాడు. పెద్దవాడు గంటలో లాగించేస్తాడు, కానీ వెనక్కి లాగేటప్పుడు కూడా నొక్కుతాడు. ఆకురాయి పళ్లు ముందుకే కోస్తాయి. వెనక్కి నొక్కితే కోత ఉండదు, పళ్లు మాత్రం మొద్దుబారతాయి. షెడ్డులో ఆకురాయి యజమానిది కాబట్టి అది ఎవరికీ పట్టలేదు. కొలిచే వెర్నియర్ దవడ మొనతో గీతలు గీయడం, ఆకురాయిని సందులో పెట్టి ఎత్తడం, వైస్ హ్యాండిల్‌కు పైపు తొడిగి బిగించడం, స్పానర్ మీద సుత్తితో కొట్టడం కూడా షెడ్డు చదువులే. గట్టిపరచిన ఉక్కుతో చేసిన ఆకురాయి వంగదు, పుటుక్కున విరుగుతుంది. దవడ మొన అరిగిన వెర్నియర్ ఆ తర్వాత ఎవరికీ నిజం చెప్పదు.

చేతికి పదేళ్లుగా అలవాటైనదాన్ని మాన్పించడం కొత్తది నేర్పడం కన్నా కష్టం. అందుకే వయసు వచ్చాక నేర్చుకున్నవాడు రాసిన చదరాన్ని కుర్రాడు రాసిన చదరం కన్నా ఒక మెట్టు పైనే పెట్టాలంటాను. ఇద్దరివీ కొలతకు సమానంగా ఉన్నా సరే.

రంధ్రం లోపల మర కోసే ట్యాపు దగ్గర కూడా అంతే. ఎం10 మర అంటే వ్యాసం 10 మి.మీ., పిచ్ (మర చుట్ల మధ్య దూరం) 1.5 మి.మీ. వ్యాసంలోంచి పిచ్ తీసేస్తే 8.5 మి.మీ. డ్రిల్. షెడ్డులో చేతికి దొరికిన 8 మి.మీ. డ్రిల్ వేసి ట్యాపు తిప్పేస్తారు. ట్యాపు గట్టిగా పట్టేసి, బలం పెట్టగానే లోపల విరుగుతుంది. విరిగిన ట్యాపును తీయడం కన్నా కొత్త ముక్క చేయడమే సులువు. డ్రిల్ సరైనదే అయినా ట్యాపు ఒరిగితే ఇదే గతి. రెండు మూడు చుట్లు పట్టాక మూలమట్టంతో రెండు దిక్కుల నుంచీ నిలువు చూడాలి, ఆ తర్వాత సరిచేయడం కుదరదు. చుట్టు తిప్పిన ప్రతిసారీ అర చుట్టు వెనక్కి తిప్పి చిప్సు (కోతలో వచ్చే లోహపు తునకలు) తెంచాలి. స్టీలుకు నూనె తప్పనిసరి, పోత ఇనుముకు అక్కర్లేదు.

రెండేళ్ల ట్రేడ్‌లో అసలు పరీక్ష మేల్ ఫీమేల్ ఫిట్టింగ్. ఇది సరిగ్గా చేసినవాడు ఇంకేదైనా చేస్తాడు. మేల్ అనే ముక్కలో 25 మి.మీ. వెడల్పు స్టెప్పు నడుమ నిలబడాలి, ఫీమేల్ అనే రెండోదానిలో అంతే వెడల్పు స్లాటు ఉండాలి. మేల్ ముందు పూర్తి చేసి, దానికి ఫీమేల్‌ను సరిపెడతారు. మేల్‌లో రెండు వైపులూ ఒకేసారి కోసేయాలని అందరికీ అనిపిస్తుంది. అలా కోస్తే కొలవడానికి ఆధారంగా నిలిచే అంచు పోతుంది. ఒక వైపు మాత్రమే కోసి, ఎదుటి అంచు నుంచి మైక్రోమీటరుతో కొలవాలి. ముక్క వెడల్పు సరిగ్గా 75 ఉంటే అక్కడ 50 రావాలి. ముక్క 75.02 ఉంటే 50 కాదు, 50.01 రావాలి. వెడల్పుకు 25 కలిపి సగం చేస్తే వచ్చే అంకె అది. ఈ లెక్క వేయనివాడి స్టెప్పు నడుమ ఉండదు. అటు నుంచి దూరినది తిప్పి పెడితే దూరదు. ఆ తర్వాతే రెండో వైపు కోసి 25కు తేవాలి.

ఫీమేల్‌లో లోపలి మూలల్లో ముందే 3 మి.మీ. రంధ్రాలు వేస్తారు. ఆకురాయి మూలదాకా పోవాలంటే ఆ ఖాళీ కావాలి. స్లాటు రెండు పక్కలా గీతకు లోపల, స్లాటు వైపు, రంపంతో కోత వేసి, అడుగున వరసగా డ్రిల్ చేసి ఉలితో తెంపుతారు. 5 మి.మీ. డ్రిల్ అయితే కేంద్రాల మధ్య దూరం 5.5 ఉంచాలి. రంధ్రాలు ఒకదాని మీద ఒకటి పడితే డ్రిల్ పక్క గుంటలోకి జారుతుంది, తరచూ విరుగుతుంది కూడా. గీత దాకా అర మిల్లీమీటరు వదిలిపెట్టి, మిగతాది ఆకురాయితోనే.

ఇక్కణ్నుంచి ఓపిక పని. మేల్‌కు ప్రష్యన్ బ్లూ అనే నీలం రంగు పలచగా పూసి ఫీమేల్‌లో ఆనిస్తే ఎక్కడ తగులుతుందో అక్కడ నీలం అంటుతుంది. ఆ నీలాన్నే రాయాలి, పక్కన తాకకూడదు. చివరి పదో వంతు మిల్లీమీటరు దగ్గర పెద్దవాళ్లందరికీ ఒకటే బుద్ధి పుడుతుంది: సుత్తితో ఒక్కటి వేస్తే కూర్చుంటుందని. కూర్చుంటుంది కూడా. కానీ అంచున లేచిన బర్ (పదునైన లోహపు పొర) నలిగి పట్టేస్తుంది, బయటికి తీశాక లోపలి వైపులు గీరుకుపోయి ఉంటాయి. చేతితో తోస్తే దూరాలి, వెలుతురుకు ఎత్తితే కనిపించకూడదు, సందులు చూసే ఫీలర్ గేజ్‌లో 0.05 మి.మీ. ఆకు ఎక్కడా దూరకూడదు, తిప్పి పెట్టినా అంతే ఉండాలి.

రాసిన వెంటనే కొలిచి మురిసిపోతే మోసపోతాం. చేతిలో, వైస్‌లో రాపిడికి వేడెక్కిన ముక్క పెరుగుతుంది. 75 మి.మీ. స్టీలు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.017 మి.మీ. సాగుతుంది. 0.02 దాకా కొలిచే వెర్నియర్‌తో పనిచేసేవాడికి అది దాదాపు ఒక పూర్తి గీత. కొలిచే ముందు ముక్కను సర్ఫేస్ ప్లేట్ మీద కాసేపు చల్లారనివ్వాలి.

కొలతల సంగతి వచ్చింది కాబట్టి కళ్ల గురించి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు గనక. నలభై దగ్గర పడ్డవాడికి దగ్గరి చూపు తగ్గుతుంది. వెర్నియర్‌లో 49 మిల్లీమీటర్లను 50 భాగాలు చేసిన గీతలవి. ప్రధాన స్కేలు 24 దాటి, 37వ గీత కలిస్తే 24.74. కళ్లకు 36, 37, 38 మూడూ కలిసినట్టే కనిపిస్తే లెక్క రాని వాడనుకుంటారు, పాపం. అతనికి లెక్క వచ్చు. కావలసింది కళ్లజోడూ, ఎడమ పక్క నుంచి పడే దీపమూ. గీతలకు ఎదురుగా చూడాలి, ఏటవాలుగా చూస్తే కుర్రకళ్లు కూడా తప్పు చదువుతాయి.

షెడ్డు నుంచి వచ్చినవాళ్లు నిజంగా గెలిచేది డ్రాయింగ్ దగ్గర. షెడ్డులో ఇన్నాళ్లూ నమూనా చూసి చేశారు. ‘ఇదిగో పాతది, ఇలాంటిదే ఇంకొకటి చెయ్యి’ అంటే చేసేవారు. కాగితం ఇస్తే ఆగిపోయేవారు. డ్రాయింగులో బొమ్మల్ని అమర్చడానికి మన దేశంలో వాడేది ఫస్ట్ యాంగిల్ పద్ధతి. ముందు నుంచి చూసిన బొమ్మకు కింద పైనుంచి చూసిన బొమ్మ ఉంటుంది. అమెరికా కంపెనీల డ్రాయింగులు థర్డ్ యాంగిల్‌లో వస్తాయి, అందులో పై బొమ్మ పైనే ఉంటుంది. టైటిల్ బ్లాకులో ఉన్న చిన్న శంకువు గుర్తు చూడకుండా మొదలుపెడితే పని అద్దంలో బొమ్మలా తిరగబడి వస్తుంది. కొలతలన్నీ కరెక్టే, ముక్క మాత్రం పనికిరాదు.

కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే లిమిట్స్, ఫిట్స్ పాఠంలో ఇంకొకటి జరుగుతుంది. బేరింగు ఎంత బిగువుగా ఉండాలో, షాఫ్టు ఎంత వదులుగా తిరగాలో వాళ్ల వేళ్లకు ముందే తెలుసు. 25 హెచ్7 అంటే రంధ్రం 25.000 నుంచి 25.021 వరకు, జీ6 అంటే షాఫ్టు 24.980 నుంచి 24.993 వరకు అని పట్టిక చూపిస్తే, ఖాళీ 0.007 నుంచి 0.041 దాకా అని లెక్క తేలుతుంది. ఇన్నాళ్లూ వేళ్లతో ‘సరిపోయింది’ అన్నది అంకెల్లోకి వస్తుంది. అంకె తెలిశాక అదే పనిని ఫోనులో ఇంకొకరికి చెప్పగలరు, టర్నర్‌కు రాసివ్వగలరు, వచ్చిన పార్టును తిప్పి పంపగలరు. డ్రిల్లింగ్ వేగం కూడా అంతే. మైల్డ్ స్టీలుకు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) డ్రిల్‌తో నిమిషానికి 30 మీటర్ల కోత వేగం అనుకుంటే 10 మి.మీ. డ్రిల్‌కు దాదాపు 955 చుట్లు, 3 మి.మీ. డ్రిల్‌కు 3,180. అన్నిటినీ ఒకే బెల్టు మీద నడిపే షెడ్లలో సన్న డ్రిల్లు ఎందుకు విరుగుతాయో, లావువి ఎందుకు మాడతాయో అప్పుడు అర్థమవుతుంది.

ఇక కాగితాల సంగతి, క్లుప్తంగా. ఫిట్టర్‌కు పదో తరగతి కావాలి. అది లేనివాళ్లు ఓపెన్ స్కూలులో ఒక్కో సబ్జెక్టూ రాసుకుంటూ పూర్తి చేయొచ్చు. ఎనిమిదితో చేరగలిగే వెల్డర్, వైర్‌మన్ ట్రేడ్లు ఉన్నాయి. ప్రాక్టికల్‌లో 60 శాతం రాకపోతే పాసు కాదు, థియరీకి 33 చాలు. ఈ నిబంధన చేతిపని తెలిసిన పెద్దవాళ్లకే మేలు చేస్తుంది, అయినా థియరీకి భయపడి ఆగిపోయేది వాళ్లే. అనుభవాన్ని గుర్తించి కొద్దిరోజుల్లో ఇచ్చే ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్) సర్టిఫికెట్టూ, రెండేళ్లు చదివి తెచ్చుకునే ఎన్‌టీసీ (నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్) కూడా ఒకటే అనుకుని మోసపోకండి. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ లాంటి ఉద్యోగాలకు అడిగేది ఐటీఐ పాసు. చేరేటప్పుడే పదో తరగతి మెమోలోనూ ఆధార్‌లోనూ పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయేమో చూసుకోవాలి. పెద్దవాళ్ల కాగితాల్లోనే ఈ తేడాలు ఎక్కువ.

ఇన్‌స్ట్రక్టరు కావాలనుకునేవాళ్లకు సీఐటీఎస్ (క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీము) ఏడాది కోర్సు ఉంది. హైదరాబాద్ విద్యానగర్‌లో మనం ఏటీఐ అని పిలిచిన శిక్షణ సంస్థే ఇప్పటి ఎన్‌ఎస్‌టీఐ (నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్). షెడ్డు నుంచి వచ్చి ఎన్‌టీసీ తెచ్చుకున్నవాళ్లు అటు ఎక్కువగా వెళ్లాలని నా కోరిక. ట్యాపు విరిగితే ‘జాగ్రత్తగా చెయ్యి’ అని కసురుకునేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. డ్రిల్ చిన్నదై విరిగిందా, ఒరిగి విరిగిందా, చిప్సు నిండి విరిగిందా అని విరిగిన ముక్కను చూసి చెప్పగలిగేది రెండు చోట్లా పనిచేసినవాళ్లే.