మా అంబాసిడర్ ఇంజిన్‌లో దొరికిన క్యామ్‌షాఫ్ట్

మూడేళ్ల క్రితం చెన్నైలో 1974 మోడల్ మార్క్ 2 అంబాసిడర్ కొన్నాను. అమ్మినాయన దాన్ని చాలా ఏళ్లు షెడ్డులోనే ఉంచారు. అంతకుముందు ఆ బండి చెన్నై దగ్గరి షోలవరం కార్ల పందేలకు వెళ్లేదని ఆయన విన్నారట. ఆధారంగా ఒక్క కాగితం కూడా లేదు. నేనూ పట్టించుకోలేదు.

విజయవాడ తెచ్చాక దాని తీరు అర్థం కాలేదు. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ లయ తప్పి కొట్టుకునేది. టాప్ గేరులో నెమ్మదిగా వెళ్తే గింజుకునేది. కాస్త వేగం అందుకుందంటే మాత్రం నేను ఏ అంబాసిడర్‌లోనూ చూడని ఊపుతో లాగేది. కార్బురేటర్ శుభ్రం చేయించాను, ప్లగ్గులు, పాయింట్లు మార్చాను, మానిఫోల్డ్ దగ్గర గాలి పీలుస్తోందేమో వెతికాను. ఏమీ మారలేదు.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి కొంతసేపు విని, "బాబూ, ఇది కంపెనీ క్యామ్ కాదు, ఎవరో మార్చారు" అన్నారు. క్యామ్ అంటే క్యామ్‌షాఫ్ట్, ఇంజిన్ వాల్వులను తెరిచి మూయించే ఇరుసు. మరి ఏది వేశారని అడిగాను. "అది చెవికి తెలియదు. కొలుచుకోవాలి" అన్నారు.

మొదటి ఆధారం కొలత లేకుండానే దొరికింది. అంబాసిడర్‌లో పెట్రోలు పంపు ఇంజిన్ పక్కన ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్ మీది ఒక ఎక్సెంట్రిక్, అంటే నడిమి తప్పిన గుండ్రటి ఉబ్బు, దాని చేతిని తోస్తుంది. నా బండిలో పంపు డిక్కీలో ఉంది, కరెంటుతో నడుస్తుంది. ఇంజిన్ పక్కన పంపు ఉండవలసిన రంధ్రాన్ని రేకు పెట్టి మూసేశారు. రేకు విప్పి, టార్చి వేసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పిస్తూ చూశాను. ఎంత తిప్పినా అక్కడ నున్నటి షాఫ్టే కనిపించింది. ఎక్సెంట్రిక్ లేదు.

అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్ బ్రిటన్‌లో బీఎంసీ కంపెనీ తయారుచేసిన బీ సిరీస్ కుటుంబానిది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఇదే 1489 సీసీ ఇంజిన్. సిలిండర్ వ్యాసం 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9, రెండింట్లోనూ అవే. ఎంజీఏలో పంపు కరెంటుదే కాబట్టి క్యామ్ మీద ఎక్సెంట్రిక్‌తో పని లేదు. అక్కడ నా అనుమానం ఎంజీ వైపు తిరిగింది. కానీ అనుమానంతో ఇంజిన్ విప్పలేం. వేరే క్యామ్‌ను అరగదీసి ఆకారం మార్చి ఉండవచ్చు కూడా.

రేడియేటర్ తీసి, 30 సెంటీమీటర్ల ప్లైవుడ్ చక్రం మీద 360 డిగ్రీలు గీసి ముందు పుల్లీకి బిగించాను. అంత చక్రం మీద ఒక్కో డిగ్రీకి రెండున్నర మిల్లీమీటర్ల పైగా చోటు వస్తుంది, కంటికి హాయిగా ఉంటుంది. గట్టి తీగను సూచికగా వంచాను. ఇక మొదటి పిస్టన్ కచ్చితంగా పైకొసన ఎప్పుడుందో తెలియాలి. అక్కడ పిస్టన్ కొన్ని డిగ్రీల పాటు దాదాపు కదలదు కనుక చూపును నమ్మకూడదు. పాత ప్లగ్గులో బోల్టు బిగించి పిస్టన్‌కు అడ్డం పెట్టాను. ఒక వైపు తిప్పితే 28 దగ్గర ఆగింది, ఎదురు తిప్పితే 34 దగ్గర. రెండు వైపులా 31 వచ్చేలా సూచికను జరిపాను. అడ్డు తీశాక ఇంజిన్‌ను ఎప్పుడూ నడిచే దిశలోనే తిప్పాను. గుర్తు దాటిపోతే బాగా వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకు వచ్చేవాణ్ని. లేకపోతే క్యామ్‌ను తిప్పే టైమింగ్ చైను వదులు కొలతలోకి చేరుతుంది.

ఈ ఇంజిన్‌లో ముందు నుంచి మొదటి వాల్వు ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయేది), తర్వాత రెండు ఇన్‌లెట్ (పెట్రోలు కలిసిన గాలి లోపలికి వచ్చేవి), ఆపైన రెండు ఎగ్జాస్ట్, మళ్లీ రెండు ఇన్‌లెట్, చివర ఎగ్జాస్ట్. రెండో వాల్వు మీద చిన్న కదలికనూ ముల్లుతో చూపే డయల్ గేజ్ ఆనించి, రాకర్ సందు (వాల్వుకు, దాన్ని నొక్కే రాకర్ అనే చేతికి మధ్య ఖాళీ) పూర్తిగా మూసి, ముల్లు కదిలిన క్షణం నుంచి లెక్కపెట్టాను. పిస్టన్ పైకొసకు 29 డిగ్రీల ముందు తెరుచుకుంటోంది, కింది కొస దాటిన 70 డిగ్రీలకు మూసుకుంటోంది. మొత్తం 279. ఏ మాన్యువల్‌లోనూ ఆ అంకె లేదు. ఎవరో పందేల కోసం ప్రత్యేకంగా చేయించిన క్యామ్ అనుకుని వారం రోజులు ఎక్కడెక్కడో వెతికాను.

తర్వాత మరో దారి పట్టాను. వాల్వు పూర్తిగా తెరుచుకునే బిందువుకు సందుతో పెద్దగా సంబంధం ఉండదు. శిఖరానికి రెండు పక్కలా సమానమైన ఎత్తులు తీసుకుని మధ్య బిందువు లెక్కగడితే పైకొస దాటిన 111 డిగ్రీలు వచ్చింది. మామూలు క్యామ్ అంకెలు ఇన్‌లెట్ తెరుచుకోవడానికి 5, మూసుకోవడానికి 45. వాటి మధ్య బిందువు 110. ఇంతా చేస్తే ఇది మామూలుదేనా అని నీరసం వచ్చింది. ఆ రాత్రి ఎంజీ అంకెలు కూడా కాగితం మీద పెట్టాను. 16, 56. దాని మధ్య బిందువూ 110! ఎగ్జాస్ట్‌కు (కింది కొసకు ముందు తెరుచుకుని, పైకొస దాటాక మూసుకుంటుంది) మామూలు క్యామ్ 40, 10. ఎంజీది 51, 21. అక్కడా రెండింటికీ 105 ఒకటే. అంటే ఈ రెండు క్యామ్‌ల శిఖరాలు ఒకేచోట ఉంటాయి, భుజాల వెడల్పే వేరు. ఒకటి 230 డిగ్రీలు తెరిచి ఉంచితే మరొకటి 252. శిఖరం ఎక్కడుందో కొలిచి వీటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. మూడు రోజులు తిప్పలు పడ్డా ఆ లెక్క తేలిన క్షణం నాకు ఇప్పటికీ ఇష్టం.

మళ్లీ వెడల్పు దగ్గరికే రావాలి. నా 279 ఎందుకు పొసగలేదో మేస్త్రి గారు ఒక్క మాటలో తేల్చారు: "సందు ఎంత పెట్టావు?" క్యామ్ ప్రతి లోబ్‌కు, అంటే వాల్వును లేపే ఉబ్బుకు, మొదట్లోనూ చివర్లోనూ చాలా మెల్లగా ఎత్తే వాలు ఉంటుంది. ఆ వాలు రాకర్ సందును పూడ్చడానికే. సందు మూసేసి కొలిచానంటే ఆ వాలునంతా వాల్వు తెరుచుకున్న కాలంగా లెక్కవేశానన్న మాట. సందు కొలిచే పలచటి రేకుల ఫీలర్ గేజ్‌తో 0.015 అంగుళం సందు పెట్టి మళ్లీ కొలిచాను. ఇన్‌లెట్ 15, 57. ఎగ్జాస్ట్ 52, 20. రెండూ 252. నా చక్రం మీద ఒక డిగ్రీ అటూ ఇటూ వదిలేస్తే అచ్చంగా ఎంజీ క్యామ్.

ఎత్తు కూడా సరిచూశాను. పుష్‌రాడ్ (క్యామ్ కదలికను రాకర్‌కు అందించే కడ్డీ) దగ్గర 6.3 మిల్లీమీటర్లు, రాకర్ దాన్ని 1.43 రెట్లు చేస్తుంది కాబట్టి వాల్వు దగ్గర తొమ్మిది. ఒక్క లోబ్‌తో ఆగకుండా ఎనిమిదీ కొలవడం మంచిదైంది. ఏడు సరిగ్గా ఉన్నాయి. ముందు నుంచి అయిదో వాల్వు, అంటే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్, 5.5 మాత్రమే లేస్తోంది. లయ తప్పడంలో కొంత వెడల్పు క్యామ్ స్వభావం, కొంత ఈ అరుగుదల.

ఇంజిన్ దింపి షాఫ్టు బయటికి లాగితే ఆ లోబ్ ముక్కు మొద్దుబారి ఉంది, దాని మీద ఆని తిరిగే టాపెట్ (లోబ్‌కు, పుష్‌రాడ్‌కు మధ్య ఉండే ముక్క) అడుగు గిన్నెలా గుంటపడింది. షాఫ్టు మీద చదవదగిన అంకె ఒక్కటీ మిగల్లేదు.

అరిగిన దాన్ని వెల్డింగ్‌తో నింపి మళ్లీ గ్రైండింగ్ చేయించవచ్చని కొందరు చెప్పారు. నాకు మనసొప్పలేదు. మా అమ్మను ఊళ్లో తిప్పే బండి ఇది, తక్కువ వేగంలో మెత్తగా నడవాలి. మామూలు అంబాసిడర్ క్యామ్‌షాఫ్ట్ కొని, టాపెట్లు ఎనిమిదీ కొత్తవి వేయించాను. బిగించాక దాన్నీ అదే చక్రంతో, అదే 0.015 సందుతో కొలిచాను. ఇన్‌లెట్ 6, 44 వచ్చింది.

పాత షాఫ్టుకు గ్రీజు రాసి, నూనె కాగితం చుట్టి అటక మీద పెట్టాను. ఒక కొసకు తీగతో రేకు బిళ్ల కట్టి దాని మీద సూదితో గీశాను: ఎంజీ, 16-56-51-21, సందు 0.015, మూడో ఎగ్జాస్ట్ అరిగింది.