పుట్టింటికి మూడుసార్లు

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం చూడాలని పదేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. కానీ ప్రతి దసరాకీ గుంటూరు రైలెక్కి మా ఇంటికి పోవడమే సరిపోయేది. 2024లో దసరా శనివారం వచ్చింది. దసరా అయ్యాక వచ్చే మొదటి మంగళవారం సిరిమానోత్సవం, అంటే అక్టోబర్ 15. రెండు రోజులు సెలవు పెడితే చాలు. నా పాత రూమ్మేట్‌ది ఆ ఊరే. "సోమవారానికే వచ్చెయ్, ముందురాత్రి జరిగే తొలేళ్లు చూడకపోతే సగం పండగ పోయినట్టే" అన్నాడు.

విశాఖ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. బస్సులో నా కాళ్ల మీద ఎవరిదో అరటిగెల. ముందు సీటు కిందా ఇంకో రెండు గెలలు. ఇన్ని పళ్లు ఏం చేసుకుంటారో అనుకున్నాను. మర్నాడు తెలిసింది.

సోమవారం రాత్రి మూడు లాంతర్ల కూడలి దగ్గర అడుగు తీసి అడుగు వేయడానికి చోటు లేదు. అక్కడున్నది అమ్మవారి చదురుగుడి. రైల్వేస్టేషన్ దగ్గర అమ్మవారిదే ఇంకో గుడి ఉంది, దాన్ని వనంగుడి అంటారు. ఆడవాళ్లు ఘటాలు నెత్తిన పెట్టుకుని వస్తున్నారు, డప్పులు మోగుతున్నాయి. ఆ రాత్రి పూజారి రైతులకు అమ్మవారి విత్తనాలు పంచుతారు. స్నేహితుడి నాన్నగారు ఆ తోపులాటలోనే దూరి, కండువా కొంగులో పిడికెడు గింజలు మూట కట్టుకుని వచ్చారు. చొక్కా గుండీ ఒకటి తెగిపోయింది, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఇవే చల్లుతారా?" అని అడిగాను.

"ఇన్ని గింజలకి ఎంత పండుద్ది బాబూ! మన విత్తనాల్లో కలిపి చల్లుతాం" అని నవ్వారు. తొలి ఏరు, అంటే తొలి దుక్కి, అదే తొలేళ్లు అయిందని ఆయన చెప్పిన వివరణ.

ఇంటికొచ్చి భోజనాలయ్యాక వాళ్లమ్మగారు కథ ఎత్తుకున్నారు. దేవత గురించి చెప్తున్నట్టు లేదు, పక్కింటి పిల్లకి జరిగిన అన్యాయం చెప్తున్నట్టుంది. పైడితల్లి, అంటే పైడిమాంబ, విజయనగరం రాజు పెద విజయరామరాజుకి చెల్లెలు. 1757 జనవరిలో బుస్సీ దొర ఫ్రెంచి సేనతో కలిసి ఆయన బొబ్బిలి మీదికి వెళ్లాడు. అన్నకి ఏదో కీడు జరగబోతోందని ఈవిడకి తోచింది. ఒంట్లో బాగాలేకపోయినా పతివాడ అప్పలనాయుడు అనే ఆయన్ని తోడు తీసుకుని బయల్దేరింది. దారిలో ఉండగానే కబురొచ్చింది, తాండ్ర పాపారాయుడి చేతిలో అన్న చనిపోయాడని. అక్కడే కుప్పకూలింది. తన విగ్రహం పెద్దచెరువులో దొరుకుతుందని చెప్పి ప్రాణం విడిచిందట. ఆ తర్వాత విజయదశమి నాడు బెస్తవారు చెరువులోంచి విగ్రహాన్ని పైకి తెచ్చారంటారు. చరిత్రలో బొబ్బిలి యుద్ధం గురించి చదివినప్పుడు మగవాళ్ల పౌరుషమే కనిపించింది. ఇక్కడ వింటే అది సమయానికి అందని ఒక చెల్లెలి కథ.

మంగళవారం మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. కోటకి వెళ్లే దారిలో ఒక డాబా మీద చోటు దొరికింది. సిరిమాను అంటే ఏదో స్తంభం అనుకున్నాను నేను. కాదు, అది చెట్టే. ఏ ఊళ్లో, ఎవరి పెరట్లో ఉందో అమ్మవారు పూజారికి కలలో చెప్తుందని నమ్మకం. ఎక్కువగా చింతచెట్టే. పసుపు కుంకాలు పెట్టి, పూజ చేసి కొడతారు. హుకుంపేటకి తెచ్చి చెక్కుతారు. సుమారు 50, 60 అడుగుల మాను. మొదలు రథం మీద, కొన ఆకాశంలో. ఆ కొసన కట్టిన పీట మీద పూజారి. ఆ పూటకి ఆయనే అమ్మవారు.

ముందుగా పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల వచ్చాయి. ఊరేగింపులో వల ఏమిటని నిన్నటి కథ వినకపోతే అడిగేవాణ్ణే. అంతలో కింద ఒక్కసారిగా కేకలు లేచాయి. జనం నెత్తిన ఆ మాను మెల్లగా ఊగుతూ వస్తోంది. వేలకొద్దీ అరటిపళ్లు గాల్లోకి లేచాయి! మొక్కుకున్నవాళ్లు సిరిమాను మీదికి విసురుతున్నారు. ఒకటి వచ్చి నా భుజం మీద చితికింది. పూజారి మాత్రం అంత ఎత్తున, ఆ ఊపులో, కదలకుండా కూర్చున్నాడు. నాకైతే చూస్తుంటేనే టెన్షన్.

మొదటిసారి అదొక సాహసంలాగే కనిపించింది. ఫోన్ ఎత్తి వీడియో తీశాను. మాను కోట దాకా వెళ్లి, తిరిగి గుడి దగ్గరికి వచ్చి, మళ్లీ కోటవైపు తిరిగింది. ఇలా మూడుసార్లు. మళ్లీ మళ్లీ అటే ఎందుకని అడిగితే, నా పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డ ముసలమ్మ నా వైపు తిరగకుండానే అంది: "అది ఆయమ్మ పుట్టిల్లు గదా. ఏడాదికోపాలి ఎల్తాది."

రెండోసారి వీడియో తీయలేదు. కోట దగ్గర రాజవంశం వాళ్లు బురుజు మీదుండి చూస్తారని తెలుసు. అటు నుంచి చూస్తే ఎలా ఉంటుందో అనిపించింది. అన్న కోసం బయల్దేరి దారిలోనే ఆగిపోయిన పిల్ల, ఊరంతా వెంటరాగా, అందరికంటే ఎత్తున ఇంటికి వస్తోంది.

చీకటి పడేవేళకి సిరిమాను గుడి దగ్గర ఆగింది. మేం డాబా దిగాం. రోడ్డంతా అరటి గుజ్జు. నాలుగడుగులు వేశానో లేదో జారాను. చెప్పు ఒకటి ఆ జనంలోనే పోయింది. ఇంకోటి చేత్తో పట్టుకుని నడుస్తుంటే వాళ్లమ్మగారు ఒకటే నవ్వు.

"వచ్చే మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం. ఉండిపో బాబూ" అన్నారు.

సెలవు లేదన్నాను. రాత్రి రైలుకి వనంగుడి మీదుగానే వెళ్లాం, స్నేహితుడి నాన్నగారి పాత హవాయి చెప్పులు నా కాళ్లకి ఒక సైజు పెద్దవి.