పన్నెండడుగుల గది, కింది ఇంటి అయ్యవారి చెంబు

మొదటి వారం

మొత్తానికి స్పీకర్లు తిరుపతి చేరినాయి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న జత. ఐదున్నర అంగుళాల వూఫర్లు. బస్సులో ఒకటి ఒళ్లో, ఒకటి కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చినా.

మేడ మీది గది 12 అడుగుల పొడుగు, 10 అడుగుల వెడల్పు. పెట్టిన రోజు మృదంగంలో తొప్పి, అంటే ఎడమ పక్క, మోగితే చాలు, బోరు మోటారు వేసినట్టు ఒకటే మోత. గది ఏ స్థాయి దగ్గర ఇట్లా మోగుతుందో లెక్క కట్టడం కష్టమేం కాదు. శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు, దాన్ని గది పొడుగుకు రెండింతలతో భాగించాలి. మా 3.66 మీటర్లకు 47 హెర్ట్జ్ వచ్చింది, దాని రెట్టింపు 94. ఈ మోతలన్నీ గోడ దగ్గరే పేరుకుంటాయి, నా కుర్చీ సరిగ్గా గోడకే ఆనుకుని ఉండింది. కుర్చీని గోడ నుంచి నాలుగున్నర అడుగులు ముందుకు జరిపినా. స్పీకర్లను వాటి వెనక గోడ నుంచి రెండడుగులు ఇవతలికి లాగినా. పైసా ఖర్చు లేకుండా సగం మోత పోయింది.

పక్క గోడలకు అద్దం ఆనించి జరుపుతా పోతే, కుర్చీలో కూర్చున్నవాడికి స్పీకరు కనబడే చోటొకటి దొరుకుతుంది. శబ్దం గోడకు తగిలి చెవికి వచ్చేది అక్కడి నుంచే, అందుకే అక్కడ బొంతలు వేలాడదీసినా. పైస్థాయి శబ్దాలకు పనికొస్తాయి. 47 హెర్ట్జ్‌కు బొంత ఒక లెక్కా?

రెండో వారం

మా ఆడియో జతగాళ్లం నలుగురం. ఆదివారం ఎవరో ఒకరింట్లో చేరతాం. మాలో పాట మొత్తం వినేవాడు ఒక్కడూ లేడు. నలభై సెకన్లు వింటాం, ‘ఆ గజ్జెల చప్పుడు చూడు’ అంటాం, ఇంకోటి పెడతాం.

ఈసారి ఒకన్న తన ఖరీదైన డాక్ తెచ్చినాడు, డిజిటల్ పాటను విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె. అదే పని చేసే నా వెయ్యి రూపాయల డాంగిల్ కంటే ‘వెడల్పుగా’ ఉందని అందరం తలలూపినాం. తర్వాత 60 హెర్ట్జ్ టోను పెట్టి, స్పీకరు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరుతో చూస్తే అన్న డాక్ వోల్టేజి పన్నెండు శాతం ఎక్కువ. అంటే దాదాపు ఒక డెసిబెల్. మేం వెడల్పనుకున్నది శబ్దం పెరగడమే! రెండూ రెండు శాతం తేడాలోపు వచ్చేదాకా సరిచేసి, అన్న కొడుకుతో బొమ్మా బొరుసూ వేయించి, ఏది మోగుతోందో చూడకుండా పదహారు సార్లు విన్నా. తొమ్మిది సరిగ్గా చెప్పినా. కనీసం పన్నెండు వస్తేనే గాలివాటు కాదనుకోవచ్చు. అన్న మొహం చూడాల్సింది. నా ఎనిమిది వేల తీగకు మాత్రం ఈ పరీక్ష ఇంకా పెట్టలేదు, ధైర్యం చాలలేదు.

మూడో వారం

కింది ఇంట్లో ఉండే అయ్యవారు ముప్పై ఏళ్లు వయొలిన్ నేర్పినాడు. ‘ఏందప్పా, పైన పెట్టెలు తెచ్చినావంట’ అని మెట్లెక్కి వచ్చినాడు. నా దగ్గరున్న వాటిలో శుభ్రమైన రికార్డింగు పెట్టినా. ‘కమాను గీత కూడా వినిపిస్తుంది చూడండి అయ్యవారూ’ అన్నా.

‘గీత వినిపిస్తా ఉంది నాయనా. పల్లవి ఎక్కడ ఎత్తుకున్నాడు?’

ఆ కృతి వందసార్లన్నా విన్నా. సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీదే, అన్నా. ఆయన మాట్లాడకుండా తొడ మీద ఆది తాళం వేసినాడు. దెబ్బ పడింది, ఒకటిన్నర అక్షరం (తాళం లెక్క) గడిచింది, అప్పుడు పాట మొదలైంది. వంద సార్లు విన్న నేను దాన్ని ఒక్కసారీ పట్టుకోలేదు.

ఆయన వినే పద్ధతి చూద్దామని కిందికి పోయినా. స్టీలు చెంబులో ఫోను నిలబెట్టినాడు, అదే ఆయన సిస్టమ్. అందులో రాజరత్నం పిళ్లై నాదస్వరం, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు నుంచి ఎక్కించింది. ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలే. ఇసుక చెరిగినట్టు గరగర, కొన్ని స్వరాలకు చెంబు అంచు కూడా జిరజిర. ఆయన బొటనవేలు వేళ్ల కణుపుల మీద నడుస్తా ఉంది. తోడి రాగంలో గాంధారం (గ) ఊగే చోట వేలు ఆగింది. ‘ఇదిగో, ఇక్కడ ఊపిరి తీసుకున్నాడు’ అన్నాడు. నాకు గరగర తప్ప ఏమీ వినబడలేదు. మూడోసారికి దొరికింది.

1925లో విద్యుత్ రికార్డింగు వచ్చినాక కూడా ఆ లక్క రికార్డుల్లో ఐదారు వేల హెర్ట్జ్ పైన పెద్దగా ఏమీ ఉండదు. గమకం, అంటే స్వరం ఊపు, నడిచేది అంతకంటే చాలా కిందనే, అందుకే చెక్కుచెదరలేదు.

నాలుగో వారం

అయ్యవారు పెట్టిన పని ఇది. ఒకే కీర్తనను మూడుసార్లు వినాలి. మొదటిసారి చేత్తో తాళం మాత్రమే. రెండోసారి వయొలిన్ గాయకుడి వెనక ఎంత దూరంలో నడుస్తుందో. మూడోసారి మృదంగం ఎడమవైపు ఒక్కటే. ఊర్లో హారన్లు మొదలు కాకముందు, తెల్లవారి ఐదింటికి కూర్చుంటా ఉన్నా.

మూడో పని దగ్గర చెంబు ఓడిపోయింది. ఫోను స్పీకరులో తొప్పి ఎక్కడిది? అయ్యవారిని పైకి పిలిచి ముందుకు జరిపిన ఆ కుర్చీలో కూర్చోబెట్టినా. రెండు నిమిషాలు కళ్లు మూసుకుని విన్నాడు. ‘ఈయన తొప్పికి రవ్వ తక్కువ పెట్టినాడప్పా, గుమికి బరువు లేదు’ అన్నాడు. రవ్వంటే తొప్పి మధ్యలో అద్దే తడి రవ్వ ముద్ద, గుమికంటే తొప్పి మీద ఊగుతా వచ్చే గుమ్మనే నాదం. ఈ కచేరీ ఇరవై ఏళ్లుగా వింటున్నాడంట, ఆ సంగతి ఇప్పుడే తెలిసిందంట. నాలో నేను కాలరెగరేసినా. వెంటనే ‘కొంచెం సౌండు తగ్గించు’ అన్నాడు.

ఇది ఆదివారం జతగాళ్లకు చెబితే, డాక్ అన్న ‘చూసినావా, క్వాలిటీ ఉంటేనే కదా సంగీతం తెలిసింది’ అని పట్టుకున్నాడు. కాదనలేను. కానీ ఆ క్వాలిటీ కుర్చీ జరిపితే వచ్చింది. పైగా ఆ రవ్వ సంగతి మా నలుగురిలో ఎవరం పట్టగలం?

ఇప్పుడు మిశ్రచాపు తాళంలో పడినా, మూడూ నాలుగూ ఏడు. కీర్తన వరకు చెయ్యి నిలుస్తుంది. పాట ఆగి తాళవాద్యాలే మోగే తనియావర్తనంలో నిన్న రాత్రి పదకొండు ఆవర్తాలు (తాళం చుట్లు) లాగి తప్పిపోయినా. ఎక్కడున్నానో వెతుక్కుంటుంటే కింది నుంచి పైకప్పుకు కర్రతో ఒక్క పోటు. సౌండు తగ్గించమని కాదు. అది సమం.