ఉప్పునీళ్లలో తిరిగే లారీకి గ్రీజు కొట్టడం: నా అనుభవం

భీమవరం, నరసాపురం వైపు చేపలు, రొయ్యలు ఎత్తే లారీల ఛాసిస్‌ని నీళ్లే తినేస్తాయి. ఐసు కరిగిన నీరు బాడీ సందుల్లోంచి కారి వెనక కమాన్ల (పట్టీ స్ప్రింగుల) మీద, వాటిని ఛాసిస్‌కి తగిలించే షాకిల్ పిన్నుల మీద పడుతూనే ఉంటుంది. కింద నుంచి చెరువు గట్ల ఉప్పు బురద. అందుకే గ్రీజు కొనేటప్పుడు నేను ముందు చూసేది నీళ్లకు ఆగుతుందా లేదా అని. ధర ఆ తర్వాతే.

పాత కాల్షియం కప్ గ్రీజు నీళ్లకు బాగానే ఆగుతుంది గానీ 100 డిగ్రీల లోపే కరిగిపోతుంది, బ్రేకు వేడి తగిలే చోట పనికిరాదు. మామూలు లిథియం గ్రీజు 180 డిగ్రీల దాకా కరగదు, లిథియం కాంప్లెక్స్ ఇంకా పైకి తట్టుకుంటుంది. తడిలో బలంగా నిలబడేది కాల్షియం సల్ఫోనేట్. ఖరీదు ఎక్కువే, చేపల బండికి మాత్రం ఆ డబ్బు దండగ కాదు. ధాన్యం, ఇటుక తోలే బండికి మంచి ఈపీ2 (ఎక్కువ ఒత్తిడికి ఆగే, 2 నంబరు చిక్కదనం) లిథియం కాంప్లెక్స్ చాలు. చేతిగన్నుతో సన్నటి దారుల్లోకి పోవాలంటే గట్టిగా ఉండే 3 నంబరు కంటే మెత్తటి 2 నంబరు నయం. కంపెనీ షీటులో వాటర్ వాషౌట్ (నీళ్లకు కొట్టుకుపోయే) శాతం రాస్తారు, అది ఎంత తక్కువుంటే అంత మంచిది.

రంగు చూసి ఒకే రకం అనుకోవద్దు. నీలం, ఎరుపు కంపెనీ కలిపే రంగులు. పాలీయూరియా, బెంటోన్ (బంకమట్టితో చేసే) గ్రీజు రకాలు లిథియంతో కలిస్తే చాలాసార్లు పలచబడి కారిపోతాయి. రకం మార్చినప్పుడు పాతదంతా బయటికి వచ్చేదాకా కొట్టాలి.

గన్ను పెట్టేముందు ప్రతి నిపిల్‌నీ (గ్రీజు లోపలికి పోయే చిన్న మూతిని) గుడ్డతో తుడవాలి. లేకపోతే దాని మీదున్న ఇసుకను మనమే పిన్ను లోపలికి తోసినట్టు. లోపలి చిన్న గుండు బిగుసుకున్న నిపిల్‌తో కుస్తీ పట్టకుండా కొత్తది బిగించడమే మేలు. ఒక్కో గన్ను స్ట్రోకుకు ఎంత వదులుతుందో తేడా ఉంటుంది, పది స్ట్రోకులు కాగితం మీద కొట్టి తూకం వేస్తే తెలిసిపోతుంది.

ముందు చక్రాలు పక్కకు తిరిగే పిన్నులైన కింగ్ పిన్నులకు, ఆ చక్రాలు నేల మీద ఉండగా ఒకసారి కొడతాను. తర్వాత యాక్సిల్‌ని జాకీతో లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని ఇటూ అటూ తిప్పుతూ మళ్లీ కొడతాను. బరువు మీద పడి నొక్కుకున్న వైపుకి గ్రీజు అప్పుడే చేరుతుంది. షాకిల్ పిన్నులకూ అంతే, ఛాసిస్‌ని లేపి కమాన్ మీది బరువు తీస్తే రెండు చివర్లా గ్రీజు కనిపిస్తుంది. టై రాడ్ ఎండ్‌కి (స్టీరింగ్ కడ్డీ చివరి కీలుకి) మెల్లగా కొట్టాలి, రబ్బరు బూటు పగిలితే ఆ చిరుగులోంచే నీళ్లు పోతాయి.

గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసు (కీలు) దగ్గర తొందరపడకూడదు. నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు రావాలి. మూడింట్లో వచ్చి ఒకదాంట్లో రాకపోతే, ఆ కప్పులోని సూది బేరింగులు ఎండిపోతున్నట్టే. షాఫ్ట్‌ని అటూ ఇటూ కదుపుతూ కొట్టండి. అప్పటికీ రాకపోతే ఆ కప్పు బోల్టులు కాస్త వదులు చేసి, గ్రీజు రాగానే మళ్లీ సరైన టార్క్‌కి బిగించండి. స్లిప్ జాయింట్‌కి (షాఫ్ట్ పొడవు పెరిగే, తగ్గే చోటు) చివర చిన్న రంధ్రం ఉన్న రకమైతే, అందులోంచి గ్రీజు వచ్చాక ఆ రంధ్రాన్ని బొటనవేలితో మూసి, రెండో చివర సీలు దగ్గర వచ్చేదాకా కొట్టాలి. గన్ను కొన దగ్గర మాత్రం వేలు పెట్టకండి. ఆ ఒత్తిడికి గ్రీజు చర్మంలోకి దూరితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బ్రేకు లైనర్లను డ్రమ్ముకి నొక్కే ఎస్-క్యామ్ బుష్షులకు తక్కువ స్ట్రోకులే. లోపలి సీలు పాడైతే గ్రీజు డ్రమ్ములోకి పోయి లైనర్లు జారతాయి. బ్రేకు సందును తనంతట తానే సరిచేసే ఆటో స్లాక్ అడ్జస్టర్లో మాలీ (మాలిబ్డినం డైసల్ఫైడ్) కలిసిన గ్రీజు వాడవద్దు.

వాటర్ సర్వీసింగ్ చేయించిన రోజే గ్రీజు కొట్టించాలి, ప్రెషరుకు లోపల చేరిన నీళ్లు అప్పుడే బయటికి నెట్టబడతాయి. బుక్కులో రాసిన కిలోమీటర్లలో సగానికే చేపల బండికి కొట్టడం నా పద్ధతి.

వచ్చే పాత గ్రీజును వేళ్ల మధ్య రుద్ది చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. ఎర్రగా ఉంటే తుప్పు. కింగ్ పిన్ గ్రీజులో ఇనుము మెరుపు కనిపిస్తే చక్రం లేపి, టైరును పైనా కిందా పట్టి ఊపండి. ఆట (వదులు) ఉంటే ఒకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోతే అది వీల్ బేరింగుది, ఉండిపోతే కింగ్ పిన్ బుష్షులు మార్చడమే.